పుట్టలో దాచిన పొగ

ఒక ఎలుగుబంటికి తేనె పిచ్చి. ఎండాకులు మంటపెట్టి, ఆ పొగతో తేనెటీగల్ని తోలి పట్టు దించుకునేది. ఆ పొగ లోయంతా కమ్మేసి, ఏటికేడు వేడి పెరిగి, చెరువు సగానికి ఇంకిపోయింది.

"ఎలుగన్నా, ఇక ఆ మంటలు ఆపు. నీళ్లలో ఉడికిపోతున్నాం," అని కొర్రమీను మొత్తుకుంది.

"తేనె లేకుండా నన్నెలా బతకమంటావు? ఆకులు మళ్లీ చిగురిస్తాయి, పొగంతా అవే పీల్చేస్తాయి," అంది ఎలుగు.

ఆకులు పీల్చేదానికన్నా ఎలుగు వదిలేదే ఎక్కువ. చివరికి చెదపురుగులు ముందుకొచ్చాయి.

"రాలిన ఆకూ పుల్లా మా పుట్ట అడుగున దాచేస్తాం. కాలకపోతే పొగ రాదుగా," అంది చెదల రాణి. అన్నట్టే నడుములు విరిగేలా మోశాయి. పొగ పలచబడింది. ఆ ఏడు చెరువులో కలువలు పూశాయి.

ఎలుగు పొంగిపోయింది. "పొగ సంగతి చెదలు చూసుకుంటున్నాయి. మనకింకేం భయం?" అంటూ చుట్టాలందర్నీ పిలిచి, పట్టున్న ప్రతి చెట్టు కిందా మంట పెట్టించింది.

అడవిలో ఎండాకులు అయిపోయాయి. ఎలుగు తిన్నగా పుట్ట దగ్గరికొచ్చింది.

"అన్నా, ముట్టుకోకు! అదంతా పొగే!" అని రాణి అరిచింది.

"ఎంత ముందుచూపమ్మా మీది! నాకోసం ఎంత దాచిపెట్టారో!" అంటూ ఎలుగు గోళ్లతో పుట్టను చీల్చింది. పుల్లల్ని మంటలో వేసింది. చెదల్ని నోట్లో వేసుకుంది.

చెరువు ఎండి బురద మిగిలింది. అందులో కొర్రమీను నోరు తెరుచుకుని కొట్టుకుంటోంది. గట్టున కూర్చున్న ఎలుగు మూతికంటిన తేనె నాకుతూ, "ఏం వేడిరా బాబూ! ఆ చెదల్ని నమ్ముకుంటే ఇలాగే ఉంటుంది," అంది.