ఇటు తిరిగిన నక్షత్రాలు

అటకామా ఎడారి కొండమీది దూరదర్శిని గదిలో ఆ రాత్రి ఇద్దరే ఉన్నారు. ఒకరు పరిశోధకురాలు నెలీదా, రెండోవారు యంత్రం నడిపే ముసలాయన నిబాల్దో.

మన పాలపుంత ఏనాడో ఒక చిన్న నక్షత్ర మండలాన్ని మింగేసింది. దాని నక్షత్రాలు పాలపుంత చుట్టూ ఇప్పటికీ గుంపుగా, మిగతావాటికి ఎదురుగా సాగుతున్నాయి. ఆ ఎదురు నడక చూసే నెలీదా జరిగింది పసిగట్టింది. కనిపెట్టిన పేరు మాత్రం ఆమె పై అధికారి ప్రొఫెసర్ ఒయార్సున్ కొట్టేశాడు.

ఆ గుంపులో ఒక నక్షత్రం తేడాగా కనిపించింది. నిన్నటిదాకా మననుంచి దూరమవుతున్నది, ఇప్పుడు దగ్గరవుతోంది. మళ్ళీ కొలిచింది. ఇంకా వేగంగా వస్తోంది.

"యంత్రం చెడిందేమో చూడండి, నిబాల్దో గారూ."

"రెండుసార్లు సరిచూశా తల్లీ. దానికేం రోగం లేదు."

సాయంత్రం నుంచీ రేకుల్ని బాదుతున్న గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. నెలీదా శాంతియాగోలో ఉన్న ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదండీ. నాకు భయంగా ఉంది."

"భయమెందుకు, పిచ్చిదానా! అంతా నాకు పంపించి పడుకో. పొద్దున నేను ప్రకటిస్తా."

ఫోన్ పెట్టేసరికి ఆమె నోరు చేదెక్కింది. తెరమీద వేగాల కొత్త అంకెలు వచ్చాయి. ఈసారి గుంపు మొత్తం ఇటు తిరిగింది.

"ఆయనకు మళ్ళీ చెయ్యవా తల్లీ?"

"చెయ్యను. ఇది నాది," అంది నెలీదా. "పొద్దునంటూ వస్తే అప్పుడు చూద్దాం."

నిబాల్దో కుర్చీ ఆమె పక్కకు జరుపుకున్నాడు. బయట చీమ చిటుక్కుమనడం లేదు. అంకెలు పెరుగుతూనే ఉన్నాయి.