లిఫ్టు తలుపు

ఐదో అంతస్తు మేనేజరు లిఫ్టు దిగి, తలుపు వేయకుండా వెళ్ళిపోతాడు. తలుపు వేయకపోతే మా పాత లిఫ్టు కదలదు. రెండో అంతస్తులో ఉండే నేను కూరగాయల సంచీతో మెట్లెక్కాలి.

ఒకరోజు ఎదురుపడితే చెప్పాను. “కాస్త తలుపు వేసి వెళ్ళు నాయనా.”

అతని ముఖం మాడిపోయింది. “నా అంతటివాడికి బుద్ధులు చెబుతారా మామ్మగారూ? పెద్దవారని ఊరుకుంటున్నాను.”

ఆనాటి నుంచి నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాడు. తలుపు మాత్రం మూసిన పాపాన పోలేదు.

మొన్న ఆదివారం అతని తల్లి వచ్చింది. తలుపు తెరిచి ఉండి లిఫ్టు పైనే ఆగిపోయి ఉంది. ఆవిడ రొప్పుతూ మెట్లెక్కి వస్తే, నా గుమ్మం ముందు కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను.

“తలుపు వేయని ఆ మహానుభావుడెవరండీ?” అని అడిగింది.

నేను గ్లాసు మళ్ళీ నింపాను. పక్కింటావిడే అందుకుంది. “ఇంకెవరు? మీ అబ్బాయే!”

ఆవిడ వెనకే మెట్లెక్కి వచ్చిన కొడుకు వైపు తిరిగింది. “నువ్వట్రా? నలభై ఏళ్ళొచ్చాయి, తలుపు వేయడం ఇప్పుడు నేర్పాలా?”

“ఇవాళ నేను కాదమ్మా! కింద శుభ్రంగా మూసి వెళ్ళాను, ఒట్టు!”

“నోర్ముయ్! పైగా అబద్ధమొకటి!”

మెట్ల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. మేనేజరు సూట్‌కేసు పట్టుకుని తల దించుకున్నాడు.

అతను చెప్పింది నిజమే. తల్లిని తీసుకురావడానికి అతను స్టేషనుకు బయలుదేరగానే, లిఫ్టులో ఐదో అంతస్తుకు వెళ్ళి, తలుపు బార్లా తెరిచిపెట్టి, మూడంతస్తులు మెట్ల మీద దిగివచ్చి ఆ కుర్చీ వేసింది నేను.

మోకాళ్ళు ఇంకా సలుపుతున్నాయి. సలపనీ.