వణుకు

పద్మారావు నగర్ మెయిన్ రోడ్డు దాటబోతున్న జకర్యా చెయ్యిని ఎవరో గభాలున పట్టుకున్నారు.

అతనికి ఒళ్ళు మండింది. పుట్టుకతో చూపు లేనంత మాత్రాన, అడగకుండా చెయ్యి పట్టేసుకోవడమేనా?

"ఎవరండీ? వదలండి, నేను దాటుతాను."

ముసలి చెయ్యి, ఒకటే వణుకు. ఆ వేళ్ళు అతని ముంజేతి మీద టపటపా కొట్టుకుంటున్నాయి. ఆగుతున్నాయి, మళ్ళీ కొట్టుకుంటున్నాయి. గొంతులోంచి "ఆ... ఆ..." తప్ప మాట రావడం లేదు.

"పెద్దమ్మా, ట్రైన్ టైమవుతోంది, వచ్చెయ్యి!" ఆటోలోంచి ఎవరో ఆడమనిషి కేకేసింది.

రోడ్డు దాటాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.

"అయిందిగా అమ్మా! ఇంక వెళ్ళండి!"

విసురుగా చెయ్యి లాక్కున్నాడు. ఆ విసురుకి అతని భుజానున్న సంచీలోంచి జామకాయ ఒకటి కిందపడి దొర్లింది. పోతే పోయిందిలే అనుకుని ముందుకు నడిచాడు.

సందులన్నీ అడుగుతూ తిరిగి తిరిగి, చివరికి మళ్ళీ తను రోడ్డు దాటిన చోటికే, మూల మీదున్న చాయ్ కొట్టు దగ్గరికి వచ్చాడు.

"అన్నా, దేవకృప టీచర్ ఇల్లెక్కడ?"

"ఆమె మీకేమైతది సార్?" అన్నాడు కొట్టు నడిపే తిరుమల్.

ఏమవుతుందని చెప్పాలి? టెన్త్ నుంచి డిగ్రీ దాకా అతను చెబుతుంటే పరీక్షలన్నీ రాసిపెట్టింది ఆవిడే. ఒక వాక్యం రాయడం అవగానే అతని ముంజేతి మీద రెండుసార్లు తట్టేది. 'ఊఁ, చెప్పు నాన్నా' అని దానర్థం. అప్పట్లో ఆవిడకి ఇవ్వడానికి హాస్టల్ చెట్టు జామకాయలు తప్ప అతని దగ్గరేం ఉండేవి కావు. ఇప్పుడు అతనూ టీచరే, చూపులేని పిల్లలకి. ఆ ఒక్క మాటా ఆవిడ చెవిన వెయ్యాలని, సంచీ నిండా జామకాయలతో వెతుక్కుంటూ వచ్చాడు.

"నాకు పరీక్షలు రాసిన టీచరు" అన్నాడు.

"మీ ఒక్కరికేనా సార్! మస్తు మందికి రాసిందంట. పోయినేడు పక్షవాతం గొట్టి మాట పడిపోయె. రాసే చెయ్యికి వణుకుడు షురూ అయె. గయినా ఊకుంటదా! రోజూ గీడ నిలవడి ముసలోళ్ళను, పిల్లలను రోడ్డు దాటిపిస్తుండె. రాయరాకున్నా ఒకల చెయ్యి పట్టుకోనీకి వస్తది కద సార్!"

జకర్యా కొట్టు దగ్గరికి ఇంకో అడుగు జరిగాడు.

"ఇప్పుడు ఇంట్లో ఉన్నారా?"

"యాడ సార్! చెల్లెలి బిడ్డ కాకినాడకు తోల్కపోయింది. ఇగ ఆడనే ఉంటదట. గీపాటికి బండి ఘట్‌కేసర్ దాటి ఉంటది."

"ఫోన్ నంబరేమైనా..."

"నాకెట్ల తెలుస్తది సార్? అయినా, మిమ్మల్ని జూసే కద ఆటో దిగి ఉరికొచ్చింది! మీ సంచిలకెల్లి పడ్డ జామకాయ తీస్కొని, ఏడ్సుకుంట ఎక్కింది పాపం."

జకర్యా ముంజెయ్యి తడుముకున్నాడు. వణుకు కాదది. రెండుసార్లు తట్టి ఆగింది, మళ్ళీ రెండుసార్లు తట్టింది.

'చెప్పు నాన్నా' అని ఆవిడ అన్నిసార్లు అడిగితే, అతను చెప్పిందల్లా "ఇంక వెళ్ళండి" అని.