ఉప్పుగుంటపాలెం బస్సుకు తలల లెక్క

"ముప్పై ఎనిమిది... ముప్పై తొమ్మిది."

అబిగయీలు వేలు ఆఖరి సీటు దగ్గర ఆగిపోయింది. తనతో సహా మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. ముప్పై తొమ్మిదే!

"కొంప మునిగింది పేరమ్మక్కా! ఒకరు తక్కువ."

"మా ఆయన్ని రమ్మంటే, మగోళ్ళకు టికెట్టు కొట్టాలంట గదా అని ముసుగుతన్ని పండుకున్నాడు," అంది పేరమ్మ, చేపల గంపను సీటు కిందికి తోస్తూ.

అబిగయీలు కోస్తా బస్సు సాధన సమితి కార్యదర్శి. ఊరూరికీ బస్సు తిరిగితే బండ్లు తగ్గుతాయి, పొగ తగ్గుతుంది, పేదవాళ్ళు బతికి బట్టకడతారు అంటూ మూడేళ్ళు డిపో చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, ఉప్పుగుంటపాలేనికి ఈ బస్సు తెప్పించింది. ఇప్పుడు దానికే గండం వచ్చిపడింది. ఊరినుంచి నెల్లూరు దాకా నలభై మంది ప్రయాణిస్తే ఉంచుతారట, లేదంటే రేపటినుంచే రద్దట. ఈరోజు ఆఫీసరెవరో మామూలు మనిషిలా బస్సెక్కి తలలు లెక్కపెడతారని కండక్టరు శివశంకర్ ఆమె చెవిలో ఊదాడు.

రోజూ ఎక్కేది ఇరవై ఎనిమిది మంది. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం కాబట్టి బతిమాలో భయపెట్టో ఇంకో పదకొండు మందిని పోగుచేసింది అబిగయీలు. ఎవరేం చెప్పాలో కూడా నూరిపోసింది. చేపలంటే ఆఫీసరు ముక్కు మూసుకుంటాడేమోనని పేరమ్మ బ్యాంకుకు, ఆమె మనవరాలు రోజారమణి కంప్యూటరు కోర్సుకు.

డ్రైవరు హారన్ కొట్టాడు. అప్పుడు కనిపించింది, బస్టాపులో గుడ్డసంచీ పట్టుకుని నిలబడ్డ ఒకావిడ. నూలు చీర, యాభై ఏళ్ళుంటాయి. ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టుంది. అబిగయీలు ఒక్క గెంతులో కిందికి దిగింది.

"అమ్మా, యాడికి?"

"నెల్లూరుకే."

"దేవుడే పంపినాడు, ఎక్కండి! ఎవరడిగినా, రోజూ ఈ బస్సులోనే పోతానని చెప్పండి."

"రోజూనా? ఏం పనిమీద?"

"టైలరింగు నేర్చుకోను."

"నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదే!"

"అందుకే గదమ్మా నేర్చుకునేది!"

ఆవిడ నవ్వాపుకుంటూ ఎక్కి, పేరమ్మ వెనక కూర్చుంది. నలభై! అబిగయీలుకు పోయిన ప్రాణం లేచివచ్చింది.

తోటపల్లి గూడూరులో ఒకాయన ఎక్కాడు. టక్కు, కళ్ళజోడు, చంకలో డైరీ. ఎక్కీ ఎక్కగానే బస్సును ముందునుంచి వెనక్కి ఒకసారి పారజూశాడు. శివశంకర్ అబిగయీలు వైపు చూసి కనుబొమలెగరేశాడు.

ఇంకేముంది! ఆయనకు కిటికీ పక్క సీటు ఖాళీ అయింది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు వచ్చాయి. కొంగుతో విసరడానికి కూడా ఒకావిడ సిద్ధమైంది.

"ఎప్పుడూ ఇంత రద్దీగానే ఉంటుందా?" అడిగాడాయన.

"ఈరోజే పలచగా ఉంది సార్!" అంది అబిగయీలు.

ఆయన పేరమ్మ వైపు తిరిగాడు. "నువ్వు యాడికి పోతుండావు పెద్దమ్మా?"

పేరమ్మకు బ్యాంకు కాస్తా బుర్రలోంచి ఎగిరిపోయింది.

"కంప్యూటరు కోర్సుకు నాయనా!"

రోజారమణి పళ్ళు నూరింది. ఆయన మాత్రం, "శభాష్! చదువుకు వయసుతో పనేముంది!" అని డైరీలో ఏదో గీకాడు. వెనక సీటావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

నాలుగు మైళ్ళు పోయాక, రొయ్యల గుంటల దగ్గర ఆయన లేచాడు.

"ఆపండి, ఆపండి! మీ ఊళ్ళో ఎవరికన్నా రొయ్యల మేత కావాలంటే ఫోన్ చెయ్యండమ్మా." అబిగయీలు చేతిలో కార్డు పెట్టి, మిగిలిన కాయలు జేబులో పోసుకుని దిగిపోయాడు.

"మేతోడంట్రా నాయనా!" అని పేరమ్మ నెత్తి కొట్టుకుంది.

అబిగయీలు వెనక సీట్లో, ఆ కొత్తావిడ పక్కన కూలబడింది. ఆఫీసరు రాలేదు. ఇంతమందిని పోగేసింది దేనికి? రాని ఆఫీసరు ఆఫీసులోనే కూర్చుని ఏ ఇరవయ్యో రాసిపారేస్తే బస్సు పోయినట్టే. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"నిజం చెప్పమ్మా. రోజూ ఎంతమంది?" మెల్లగా అడిగిందావిడ.

"ఇరవై ఎనిమిది. మీ దగ్గర దాపరికమెందుకు!"

"మరి మిగతావాళ్ళు ఎందుకు ఎక్కరు?"

"బస్సు ఒకరోజు వస్తే రెండ్రోజులు రాదు. నమ్మకం పోయి, అప్పోసప్పో చేసి బండ్లు కొనుక్కున్నారు. నెల రోజులు టయానికి నడిపితే నలభై ఏంది, అరవై మంది ఎక్కుతారు. ఈ పేరమ్మక్కను చూడండి. నీచు వాసనని ఆటోవోళ్ళు గంప ఎక్కించుకోరు. బస్సు పోతే ఆ చేపలు గట్టుమీద కుళ్ళాల్సిందే, ఆమె పస్తు పండుకోవాల్సిందే."

ఆవిడ పేరమ్మ గంపవైపు చాలాసేపు చూసింది.

నెల్లూరు బస్టాండు వచ్చింది. కంప్యూటరు కోర్సు పేరమ్మ గంప నెత్తికెత్తుకుని మార్కెట్టు వైపు నడిచింది. ఉత్తినే వచ్చిన పదకొండు మందీ తిరుగు బస్సు కోసం బెంచీల మీద చేరి, టిఫినెక్కడని గోల మొదలుపెట్టారు.

"మన్నించండమ్మా. మీతో కూడా అబద్ధమాడించబోయినా," అంది అబిగయీలు కళ్ళు తుడుచుకుంటూ.

ఆవిడ గుడ్డసంచీ సర్దుకుని, అబిగయీలు భుజం తట్టింది.

"రిపోర్టులో నలభై అనే రాస్తున్నానమ్మా, నాతో కలిపి."