హెలెన్ గారి మిషను

గడ్డి కోసే మిషను మూడోసారి ఆగిపోయింది. చర్చి ఆవరణలో పావు వంతు కూడా అవలేదు. చిట్టియ్య తాడు లాగాడు, మళ్ళీ లాగాడు. భుజం నొప్పెట్టిందే గానీ ఇంజను పలకలేదు. దాని మీంచి సెగ మొహానికి కొడుతోంది.

"మళ్ళీ ఆపేశావా?" మెట్ల మీంచి సంఘం సెక్రటరీ జయపాల్ కేకేశాడు.

"నేను ఆపలేదండి. అదే ఆగిపోయిందండి. ముట్టుకుంటే కాలిపోతోందండి బాబూ!"

"కొడవలి పట్టుకున్నన్నాళ్ళూ లేని రోగం మిషను రాగానే వచ్చిందేంటి? నీకిది రావడం ఇష్టం లేదు. కావాలనే పాడు చేస్తున్నావు." జయపాల్ వాచీ చూసుకున్నాడు. "నాలుగింటికి జాషువా గారు కాకినాడ నుంచి వస్తున్నారు. వాళ్ళమ్మగారి పేరున ఇచ్చిన మిషను ఎలా నడుస్తోందో చూస్తారట, ఫొటో తీసుకుంటారట. అప్పటికి గడ్డి కొయ్యకపోయావో, రేపట్నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు."

పొలంలో నీళ్ళు తోడే ఇంజను వేడెక్కితే ఏం చేస్తారో చిట్టియ్యకి తెలుసు. పరుగున వెళ్ళి గోనెసంచి తడిపి తెచ్చి, మిషను మీద కప్పబోయాడు.

"బాబాయ్! ఆగాగు!" గేటు దగ్గర బండి ఆపి గణేష్‌బాబు అరిచాడు. పాలకొల్లులో మోటార్లు బాగుచేసే మెకానిక్. ఇందాక జయపాల్ ఫోన్ చేస్తే వచ్చాడు. "ఇది నీళ్ళతో చల్లారే ఇంజను కాదు, గాలితో చల్లారేది. కాలిన ఇనుము మీద తడి గోనె వేస్తే పగిలిపోద్ది."

ఇంజను చల్లారేదాకా ఆగి, ఆయిల్ చూశాడు. సరిపడానే ఉంది. ప్లగ్గు వైరు పీకి, మిషను పక్కకి వంచాడు. బ్లేడు చుట్టూ తడి గడ్డి ముద్దలు ముద్దలుగా పట్టేసి ఉంది.

"గడ్డికి నీళ్ళు పెట్టింది ఎవరండి? తడి గడ్డి కోస్తే ఇంజనుకి బరువు కదా!"

"నేనే పెట్టించాను," అన్నాడు జయపాల్. "ఫొటోలో పచ్చగా కనపడాలి కదా."

గణేష్‌బాబు ముద్దలన్నీ గీకి పారేశాడు. ఇంజను రేకుల సందుల్లో ఇరుక్కున్న గడ్డిని చీపురుపుల్లతో తీశాడు. బ్లేడు రెండు మెట్లు పైకెత్తాడు. "గుండు గీసినట్టు కొయ్యకు బాబాయ్. ముందు పైపైన క్రాపు చెయ్యి."

మిషను మొదలైంది. పది నిమిషాలు బాగా నడిచింది. మళ్ళీ ఆగింది.

"చూశారా? అంతా వీడి చేతి మహిమ!" అన్నాడు జయపాల్.

గణేష్‌బాబు మిషను చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంజను నెత్తి మీద, అన్నం తినే కంచమంత ఇత్తడి పలక తీగలతో బిగించి ఉంది. పైకే చదివాడు.

"కీర్తిశేషులు హెలెన్ గారి జ్ఞాపకార్థం కుమారుడు జాషువా సమర్పణ... దీన్ని ఎవరు బిగించారండి?"

"నేనే. ఏం?"

"దీని కింద జాలీ ఉందండి. ఇంజను గాలి పీల్చుకునేది అక్కడే. ముక్కు మూసేసి పరిగెత్తమంటే ఎలాగండి?"

"చర్చిలో ఫ్యానుకి పేరుంది, బెంచీకి పేరుంది. చెప్పుల స్టాండుకి కూడా పేరుంది. ఇంత మిషను ఇచ్చినాయన పేరు లేకపోతే ఎలా? ఆయన కారు దిగగానే వాళ్ళమ్మ పేరు కనపడాలి!"

పలక విప్పి హేండిలుకి కట్టి చూశారు. మిషను అదురుకి అది పెళ్ళి బ్యాండులా మోగింది. రెండు నిమిషాల్లో ఊడి చిట్టియ్య కాలి మీద పడింది.

జయపాల్ చిట్టియ్యని ఎగాదిగా చూశాడు.

"నీ మెడలో వేసుకో."

"నేనాండి?"

"నువ్వు కాక నేనా? మిషను వెనకాలే ఉండేది నువ్వేగా."

నైలాన్ తాడు కట్టి మెడలో వేశారు. పలక చిట్టియ్య గుండెలంతా కప్పేసింది.

గణేష్‌బాబు నవ్వాపుకోలేకపోయాడు. "బాబాయ్, మిషనుతో పాటు నిన్నూ ఆయనే కొనిచ్చినట్టుంది."

మిషను మాత్రం ఈసారి ఆగలేదు. వరసలు వరసలుగా కోసుకుంటూ పోయింది. ఎండకి పలక కాలి చిట్టియ్య ఛాతీ మండుతున్నా అతను ఆగలేదు. రేపు కూడా ఈ గేటులోంచి లోపలికి రావాలి.

సగం ఆవరణ అయ్యేసరికి గేటులోకి కారు వచ్చింది. నాలుగింటికి రావలసిన జాషువా గారు రెండున్నరకే దిగారు. తెల్ల చొక్కా, చేతికర్ర, మెల్లని నడక. తిన్నగా చిట్టియ్య దగ్గరికి వెళ్ళారు. చిట్టియ్య ఇంజను ఆపి నిలబడ్డాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుని పలక చదివారు. అక్షరాల మీద కారుతున్న చెమటని చూశారు. వేలితో ఇత్తడిని తాకి, చురుక్కుమనేసరికి వెనక్కి తీసుకున్నారు.

"ఇది మిషనుకి కదా ఉండాలి? ఎవరు తీశారు?"

జయపాల్ గబగబా ముందుకొచ్చాడు. "ఈ చిట్టియ్యేనండి! ఎంత చెప్పినా వినలేదండి. రేపట్నుంచి మానిపించేస్తున్నామండి."

చిట్టియ్య తల దించుకున్నాడు. జాషువా గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మా అమ్మ ఎండకి ఒక్క నిమిషం తట్టుకునేది కాదు," అన్నారు. "చిట్టియ్యా, నీ మెడలో ఉన్న ఆవిణ్ణి తీసుకెళ్ళి నీడలో కుర్చీ వేసుకుని కూర్చో. రేపట్నుంచి రోజూ ఆవిణ్ణి నువ్వే చూసుకోవాలి. మిగతా గడ్డి జయపాల్ గారు కోస్తారు."