గోడ దూకిన నీళ్లు

రాండి, కూర్చోండి, మాటలు ఆపండి! నా తెలివి గురించి చెప్తా.

పుట్టింటి నుంచి తెచ్చిన వంకాయ నారంటే నా పెళ్లాం ధనానికి ప్రాణం. ఇద్దరం పెళ్లికని చోళపురం బయలుదేరుతుంటే, "నారు ఎండినదో, నీకు కూడు లేదు" అంది.

గోడ మీద నేను నారు నాటిన కొత్త తొట్టి చూపించాను. "అడుగున నీళ్లు, పైన మట్టి, మధ్యలో సత్రపట్టిలో నేసిన బ్యాండేజి గుడ్డ. నీళ్లు పీల్చి అదే పైకిస్తది. వానదేవుడే వచ్చి నేర్చుకోవాల!"

తిరిగొచ్చేసరికి నారు వాడిపోయింది, తొట్టిలో చుక్క లేదు. గొప్పకని నేను మూరెడు ఎక్కువ వేసిన గుడ్డ కొస గోడ దిగి, పక్కింటి బొమ్మి మిరపకుండీలో వేలాడుతోంది. ఆ మిరపచెట్టు నా అంత ఎత్తుంది!

"ఏమయ్యా, నీళ్లకు ఎక్కేది నేర్పినావు సరే, గోడ దూకేది ఎవరు నేర్పినారు?" అంది ధనం, నారుకు చెంబుతో నీళ్లు పోస్తూ. నారుతోపాటు నేనూ తల వంచాను.

ఇంకో పక్కింటి శంకరలింగం తాత తొంగిచూసి, "అల్లుడా, మాకూ అట్లాంటిది ఒకటి కట్టియ్యి. కానీ, మీ ఇంట్లోనే, మా వైపు గోడ మీద పెట్టు!" అన్నాడు.