గడియ పడని తలుపు

ఇల్లు అమ్మిన వారానికే, కొనుక్కున్న నూకరత్నం ఫోన్ చేసింది.

“మాస్టారూ, వీధి తలుపు గడియ పడనంటంది. మిస్త్రీ చూసి, బాగుచెయ్యడానికేటీ లేదు, ఇల్లు పాతాయన కోసం చూస్తందన్నాడు. దానికి చెప్పకండా ఎల్పోనారేటి?”

చెప్పలేదు. ఈ కాలపు ఇళ్ళు తమవాళ్ళంతా లోపలికి వచ్చాకే గడియ వేసుకుంటాయి. బాధపడుతుందేమోనని, బజారుకి వెళ్తున్నట్టు సంచి పట్టుకుని వచ్చేశాను. నా కోసం ఎదురుచూసింది అదొక్కటే.

సాయంత్రం వెళ్ళి తలుపు మీద చెయ్యి వేశాను.

“నేనిక రాను. రత్నమ్మగారి అమ్మాయి ఆసుపత్రి డ్యూటీ దిగి వస్తుంది. ఆ పిల్ల కోసం చూడు.”

“దానికన్నా మీకే బెంగలాగుంది. కాఫీ తాగెల్లండి,” అంది నూకరత్నం.

తాగి మెట్లు దిగుతుంటే ఆ అమ్మాయి ఎదురొచ్చి, నవ్వి, లోపలికి వెళ్ళింది.

గడియ పడింది. నేను బయటే ఉన్నాను.